విపత్తుకు ముందే దానం: వాతావరణ కార్యానికి దాతల కూటములు, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు అవసరాలు

2024 సెప్టెంబరు 1వ తేదీన సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలోని కాగిత రామచంద్రాపురం వద్ద నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అంతకుముందు రోజు నుంచి కోదాడ, హుజూర్‌నగర్, చిలుకూరు ప్రాంతాలలో ఎడతెరిపి లేని వాన కురిసింది. ఒక్కరోజులో 204.5 మిల్లీమీటర్లు దాటితే భారత వాతావరణ శాఖ దానిని అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. ఆ రెండు రోజులలో ఈ ప్రాంతం చూసిన వాన ఆ కోవకు చెందినదే. నాటు వేసి నెల తిరగని వరి మడులు నీట మునిగాయి. కాలువ నీరు పారినంత మేర పొలాలలో ఇసుక మేటలు వేసింది. నష్టపోయిన పంటకు ఎకరాకు రూ.10,000 చొప్పున పరిహారం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సినీ ప్రముఖులు, ఉద్యోగ సంఘాలు, వాణిజ్య సంస్థలు ముఖ్యమంత్రి సహాయ నిధికి విరాళాలు అందజేశాయి.

దీనికి సరిగ్గా ఏడాది ముందు పరిస్థితి మరో విధంగా ఉంది. 2023లో కృష్ణా పరీవాహక ప్రాంతంలో వర్షాభావం వల్ల సాగర్ జలాశయం నిండలేదు. ఆ యాసంగిలో ఎడమ కాలువ కింద వరికి సాగునీరు అందలేదు. పన్నెండు నెలల వ్యవధిలో ఒకే ఆయకట్టు ఎండను, వరదను రెండింటినీ చవిచూసింది. గండి పడిన వారంలో దాతలు ముందుకు వచ్చారు. కాలువ ఎండిన నెలలలో అదే నేలకు అటువంటి ఉదారత కనిపించలేదు.

ఈ తేడా ఒక్క సూర్యాపేట జిల్లాకే పరిమితం కాదు. వాతావరణ మార్పుల విషయంలో దాతృత్వమంతా విపత్తు జరిగిన తరువాతే మేల్కొంటుంది. ముందుగా చేయవలసిన పనులకు దాతలను సమీకరించడం ఎలా, ఆ సమీకరణ కోసమే పనిచేసే దాతల కూటములకు నిధులు వెచ్చించడం సమంజసమేనా అన్న ప్రశ్నలు నేడు దేశదేశాల దాతృత్వ సంస్థల ముందున్నాయి. విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా ఈ ప్రశ్నలతో ప్రత్యక్ష సంబంధం ఉంది. వాతావరణాన్ని తట్టుకునే సేద్యానికి అవసరమయ్యే తొలి పెట్టుబడి ఎక్కడి నుంచి రావాలన్నది చివరకు వారి క్షేత్ర ప్రదర్శనల వద్దనే తేలవలసిన విషయం.

చిలుకూరు ఆయకట్టు నేపథ్యం

చిలుకూరు అనగానే హైదరాబాద్ సమీపంలోని బాలాజీ ఆలయం పలువురికి స్ఫురిస్తుంది. హుండీ లేని దేవాలయంగా దానికి ప్రసిద్ధి. ఇక్కడ ప్రస్తావిస్తున్నది ఆ చిలుకూరు కాదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళే దారిలో ఉన్న మండల కేంద్రమిది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ తరువాత సూర్యాపేట జిల్లాలో చేరింది.

1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. లాల్‌బహదూర్ కాలువగా నామకరణం పొందిన ఎడమ కాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం జిల్లాల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా ప్రాంతం వరకు సాగుతుంది. మొత్తం మీద దాని కింద పది లక్షల ఎకరాలకు పైబడిన ఆయకట్టు ఉంది. కాలువ వచ్చిన తరువాత ఈ సీమ వరి సీమగా మారింది. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు నెలవైంది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాలలోని సున్నపురాతి నిక్షేపాల ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలశాయి.

ఈ మూడు విషయాలూ వాతావరణ చర్చలో ముఖ్యమైనవే. నిలువ నీటి వరి మీథేన్‌ను విడుదల చేస్తుంది. సిమెంటు తయారీ బొగ్గుపులుసు వాయువును వెలువరిస్తుంది. మిల్లులు, కర్మాగారాలు లాభాలు ఆర్జించే సంస్థలు కనుక వాటి నుంచి సామాజిక బాధ్యత నిధులు వచ్చే అవకాశం ఉంది. అంటే సమస్య, నష్టపోయే రైతు, సాయపడగల దాత ముగ్గురూ ఒకే నలభై కిలోమీటర్ల పరిధిలో ఉన్నారు. వారిని కలిపే వ్యవస్థ మాత్రం బలంగా లేదు.

దానం ఎటు పోతున్నది?

ప్రపంచవ్యాప్తంగా దాతృత్వ సంస్థలు, వ్యక్తులు ఇచ్చే మొత్తం విరాళాలలో వాతావరణ మార్పుల నివారణకు అందుతున్నది రెండు శాతం లోపేనని క్లైమేట్‌వర్క్స్ ఫౌండేషన్ ఏటా వెలువరించే అంచనాలు చెబుతున్నాయి. విద్య, వైద్యం, మతసంస్థలు, విపత్తు సహాయం ముందు వరుసలో ఉంటాయి.

దీనికి కారణాలు ఊహించడం కష్టం కాదు. బడికి గది కట్టించిన దాత ఆ గదిని చూడగలడు. కంటి శస్త్రచికిత్సకు సాయపడినవాడు చూపు వచ్చిన మనిషిని కలుసుకోగలడు. వరి మడి నుంచి వెలువడకుండా ఆగిన మీథేన్‌ను ఎవరూ చూడలేరు. గండి పడకుండా నిలిచిన కట్ట వార్త కాదు. పైగా ఒక గ్రామంలో తగ్గిన ఉద్గారాల ప్రయోజనం లోకమంతటికీ పంచబడుతుంది. దాత ఊరికి దక్కే భాగం స్వల్పం. అందరికీ చెందే మేలుకు ఎవరికి వారు ఇతరులు ఇస్తారులే అని ఊరుకోవడం సహజం.

తెలుగు నేలకు ముందుచూపు గల దానం కొత్త కాదు. సప్తసంతానాలలో తటాకానికి, వనానికి పూర్వులు స్థానం కల్పించారు. చెరువు తవ్వించినవాడు సంతానం కన్నవానితో సమానమన్న భావన ఇందులో ఉంది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో రామప్ప ఆలయం నిర్మించినప్పుడు దాని చెంతనే చెరువు కూడా వెలసింది. ఆలయం భక్తికి, చెరువు బతుకుకు ఆధారమయ్యాయి. కరవు రాకముందే నీటిని నిలుపుకోవాలన్న ఆ ఆలోచన నేటి పరిభాషలో వాతావరణ అనుకూలనమే. ఆనాటి దాతకు కీర్తి శాసనరూపంలో దక్కింది. నేటి దాతకు అటువంటి గుర్తింపును, నమ్మకాన్ని కల్పించే పనినే దాతల కూటములు చేపడుతున్నాయి.

దాతల కూటమి చేసే పనులు

దాతల కూటమి స్వయంగా మొక్కలు నాటదు, కాలువ బాగుచేయదు. ఆ పనులు చేసే సంస్థలకు ఎక్కువమంది దాతల నుంచి ఎక్కువ నిధులు చేరేటట్లు చూస్తుంది. దాని పనులు ప్రధానంగా నాలుగు.

మొదటిది, పరిశీలన. ఒక చిన్న దాత పది స్వచ్ఛంద సంస్థల పనితీరును, లెక్కలను, శాస్త్రీయ ఆధారాలను విడివిడిగా పరీక్షించలేడు. కూటమి ఒకసారి పరీక్షించి అందరికీ ఫలితం చెబుతుంది. రెండవది, సమీకరణ. విడివిడి విరాళాలు ఒక నిధిగా చేరితే మూడేళ్ళు, ఐదేళ్ళు సాగే కార్యక్రమాన్ని నిలబెట్టవచ్చు. మూడవది, అవగాహన. విద్యకు, వైద్యానికి ఇచ్చే దాతకు నీరు, పంట, ఆరోగ్యం వాతావరణంతో ముడిపడి ఉన్నాయని వివరించడం. నాలుగవది, అనుసంధానం. పరిశోధన సంస్థ, ప్రభుత్వ శాఖ, రైతు సంఘం, దాత ఒకే వేదికపై కూర్చునే వీలు కల్పించడం.

2008లో అమెరికాలో ఏర్పడిన క్లైమేట్‌వర్క్స్ ఫౌండేషన్ ఇటువంటి కూటమికి అంతర్జాతీయ ఉదాహరణ. పలు పెద్ద ఫౌండేషన్ల నిధులను సమీకరించి దేశదేశాల సంస్థలకు పంచడం దాని కార్యక్రమం. మన దేశంలో 2020 జనవరిలో ఇండియా క్లైమేట్ కొలాబరేటివ్ ప్రారంభమైంది. భారతీయ దాతలు, కార్పొరేట్ సంస్థలు దేశీయ వాతావరణ కార్యక్రమాలకు మరింతగా నిధులు ఇచ్చేటట్లు చేయడం దాని ఉద్దేశం. ఈ రంగం చిరకాలం విదేశీ నిధుల మీద ఆధారపడినందువల్ల దేశీయ దాతృత్వాన్ని పెంచవలసిన అవసరం దాని స్థాపనకు ప్రేరణ అయింది.

ప్రవాసంలో మరో తరహా నమూనా కనిపిస్తుంది. 1991లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉన్న రవి కూచిమంచి అసోసియేషన్ ఫర్ ఇండియాస్ డెవలప్‌మెంట్ సంస్థను స్థాపించారు. సంపన్నుల పెద్ద విరాళాల కంటే అనేకమంది స్వచ్ఛంద కార్యకర్తల చిన్న మొత్తాల మీద, పట్టణాల వారీగా ఏర్పడిన శాఖల మీద ఆ సంస్థ నిలబడింది. శాఖలలోని కార్యకర్తలే ప్రతిపాదనలు చదివి, చర్చించి, క్షేత్ర సందర్శనలు చేసి నిర్ణయాలు తీసుకుంటారు. నర్మదా లోయలోని బిల్‌గావ్‌లో 2003లో గ్రామస్థుల శ్రమదానంతో నిర్మించిన చిన్న జలవిద్యుత్ కేంద్రానికి ఆ సంస్థ తోడ్పడింది. 2006లో సర్దార్ సరోవర్ జలాలలో ఆ కేంద్రం మునిగిపోయింది. స్థానికంగా చక్కగా సాగిన పని కూడా విశాలమైన నీటి, విద్యుత్ విధానాల ముందు నిలవలేకపోవచ్చునన్న పాఠం దాతలకు ఇందులో ఉంది.

తెలుగు రాష్ట్రాల అనుభవాలు

ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రారంభమైంది. ప్రభుత్వ నిధులకు తోడు అజీమ్ ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ సాంకేతిక సహాయానికి నిధులు సమకూర్చింది. జర్మనీ అభివృద్ధి బ్యాంకు రుణం కూడా తోడైంది. దాత ఇచ్చిన సొమ్ము నేరుగా రైతు ఖాతాకు పోలేదు. శిక్షణ, గ్రామస్థాయి ప్రేరకులు, మహిళా స్వయం సహాయక సంఘాల బలోపేతం వంటి వాటికి ఉపయోగపడింది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ మానవతా పురస్కారం లభించింది. 10 లక్షల యూరోల ఆ బహుమతిని శాస్త్రవేత్త రత్తన్ లాల్, ఈజిప్టుకు చెందిన సెకెమ్ సంస్థతో కలిసి అందుకుంది. మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయానికి తగిన శాస్త్రీయ నిరూపణ లేదని అభ్యంతరం తెలిపింది. దాతృత్వ నిధులు విస్తరణను వేగవంతం చేయగలవు. స్వతంత్ర పరీక్ష మాత్రం ఆ వేగంతో సమానంగా సాగాలన్నది ఈ వివాదం నేర్పే విషయం.

అరకు లోయలో నాంది ఫౌండేషన్ గిరిజన రైతులతో చేపట్టిన వృక్ష సాగు కార్యక్రమానికి లైవ్‌లీహుడ్స్ కార్బన్ ఫండ్ పెట్టుబడి పెట్టింది. ఫ్రెంచి ఆహార సంస్థ డానోన్ చొరవతో 2011లో రూపుదిద్దుకున్న ఈ నిధిలో పలు ఐరోపా కంపెనీలు చేరాయి. చెట్లు, వాటి ఫలసాయం రైతులవి. నిలువైన కర్బనానికి లభించే క్రెడిట్లు పెట్టుబడిదారులవి. ఇది దానం కాదు, దీర్ఘకాలిక ఒప్పందం. దానాన్ని, క్రెడిట్ కొనుగోలును విద్యార్థులు వేరుగా గుర్తించాలి. క్రెడిట్ కొన్న కంపెనీ తన ఉద్గారాలకు దానిని చెల్లు వేసుకోవచ్చు. దాత అటువంటి ప్రతిఫలం ఏదీ ఆశించడు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనుభవం మరొకటి. దళిత మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తన నిధులు నెలకొల్పి, వర్షాధార భూములలో మిశ్రమ సాగును నిలుపుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది. బయటి నిధి సంఘాలకు చేయూత అయింది. విత్తనం మీద నిర్ణయాధికారం మాత్రం మహిళల చేతిలోనే ఉండిపోయింది.

వరి మడిలో ఎవరు చెల్లించాలి?

దానం ఎక్కడ అవసరమో తెలియాలంటే మార్కెట్టు ఎక్కడ చెల్లించదో తెలియాలి. ఎడమ కాలువ ఆయకట్టులో దీనికి చక్కని ఉదాహరణ వరిలో తడి, ఆరుతడి నీటి యాజమాన్యం.

ఈ పద్ధతిలో 30 సెంటీమీటర్ల పొడవు గల రంధ్రాల గొట్టాన్ని మడిలో పాతుతారు. నాటిన ఒకటి రెండు వారాల తరువాత నీటిని క్రమంగా తగ్గనిస్తారు. గొట్టంలో నీటిమట్టం నేల ఉపరితలానికి 15 సెంటీమీటర్ల దిగువకు చేరినప్పుడు తిరిగి తడి ఇస్తారు. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకు మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలుపుతారు. నేలకు గాలి తగలడం వల్ల మీథేన్ పుట్టించే సూక్ష్మజీవుల చర్య మందగిస్తుంది.

వాతావరణ మార్పుల అంతర ప్రభుత్వ సంఘం 2019 మార్గదర్శకాల ప్రకారం దక్షిణాసియాలో నిరంతరం నీరు నిలిపే వరి మడి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్‌ను వెలువరిస్తుందని సామాన్య అంచనా. 112 రోజుల పంటకాలానికి అది సుమారు 95 కిలోలు. వందేళ్ళ కాలానికి మీథేన్ తాపన శక్తిని 27గా తీసుకుంటే హెక్టారుకు దాదాపు 2.6 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం. పలుమార్లు ఆరబెట్టిన మడికి అదే మార్గదర్శకాలు 0.55 గుణకాన్ని సూచిస్తాయి. అంటే తగ్గుదల 45 శాతం. ఎకరాకు లెక్కిస్తే ఒక పంటకు అర టన్నుకు కాస్త తక్కువ. నేల ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరుగుతుంది. దాని తాపన శక్తి 273 కనుక నత్రజని ఎరువుల వాడకాన్ని బట్టి ఈ లాభంలో కొంత తరుగు తీసివేయాలి. సాగర్ నేలలలో నిజమైన విలువలు క్షేత్ర కొలతల ద్వారా మాత్రమే తెలుస్తాయి.

ఇక రైతు వైపు నుంచి చూద్దాం. కాలువ నీటికి వాడిన పరిమాణాన్ని బట్టి వెల లేదు. తూముకు దగ్గరగా ఉన్న రైతు నీరు ఆదా చేస్తే అతని జేబులోకి రూపాయి రాదు. ఆ నీరు చివరి భూముల రైతుకు చేరుతుంది. తగ్గిన మీథేన్ మేలు లోకానికి చేరుతుంది. మడి ఆరబెట్టిన తరువాత వంతు నీరు సమయానికి రాకపోతే నష్టం మాత్రం పూర్తిగా అతనిదే. పైగా పక్క మడి నుంచి ఊట వస్తుంటే ఒక్కడు తన మడిని ఆరబెట్టలేడు. ఒక తూము కింద ఉన్న రైతులంతా కలిసి నడవవలసిన పని ఇది.

కర్బన క్రెడిట్ మార్కెట్టు ఈ లోటు తీర్చగలదా అంటే, ఎకరాకు అర టన్ను కోసం వందలాది చిన్న కమతాలలో నీటిమట్టాలు నమోదు చేయడం, పరిశీలించడం ఖర్చుతో కూడిన పని. విశ్వసనీయత కూడా సమస్యే. 2024లో వెర్రా అనే ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి మీథేన్ ప్రాజెక్టులను నిబంధనలు పాటించలేదన్న కారణంగా తిరస్కరించింది. తొందరపడి క్రెడిట్లు అమ్మిన చోట రైతు పేరు కూడా చెడుతుంది.

అందువల్ల తొలి దశలో మూడు ఖర్చులకు దాతృత్వ నిధి సరైన ఆధారం. ఒకటి, కొలతలు, స్థానిక ఉద్గార విలువల నిర్ధారణ. రెండు, ఆరబెట్టిన మడికి నీరు ఆలస్యమై దిగుబడి తగ్గితే రైతుకు భరోసా ఇచ్చే నిధి. మూడు, తూము స్థాయిలో రైతులను సంఘటితం చేసే స్థానిక కార్యకర్తల వేతనం. 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు చట్టబద్ధత కల్పించింది. ఆ చట్రాన్నే ఇందుకు వినియోగించుకోవచ్చు.

నిధుల దారులు, చట్టపు హద్దులు

కూటమి ఏర్పాటు చేయదలచినవారు చట్టాన్ని ముందుగా తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవరు, రూ.5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. కార్యస్థానానికి చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. 7వ షెడ్యూలులో పర్యావరణ సుస్థిరత, ప్రకృతి వనరుల పరిరక్షణ ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాల పరిశోధనకు ఇచ్చే విరాళాలూ ఉన్నాయి. రెండు మూడు కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టు చేపట్టేందుకు నిబంధనలు అనుమతిస్తాయి. లెక్కలు మాత్రం ఎవరివి వారు చూపాలి. అయితే దానాన్ని ప్రోత్సహించే కార్యక్రమం అన్నది షెడ్యూలులో ప్రత్యేకంగా లేదు. కనుక కూటమి నిర్వహణ ఖర్చుకు వ్యక్తిగత దాతలు, స్వతంత్ర ఫౌండేషన్లు ముందుకు రావలసి ఉంటుంది.

విదేశీ నిధుల విషయంలో 2020 సెప్టెంబరు సవరణ కీలకమైనది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దానిని మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని ఆ సవరణ నిషేధించింది. పాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. విదేశీ విరాళం తొలుత న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావాలి. పెద్ద సంస్థ నిధి స్వీకరించి పల్లెలలోని చిన్న సంఘాలకు పంచే పాత పద్ధతి దీనితో ఆగిపోయింది. ప్రవాసాంధ్రులు, ప్రవాస తెలంగాణీయులు కూటమి ద్వారా సాయపడదలిస్తే కూటమి సలహాకు, పరిశీలనకు పరిమితమై, నిధి మాత్రం అనుమతి గల క్షేత్రస్థాయి సంస్థకు నేరుగా చేరేటట్లు ఏర్పాటు చేసుకోవాలి. భారతీయ పౌరసత్వం నిలుపుకొన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే మొత్తం విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవారిది వస్తుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకోవాలి.

స్వదేశీ వ్యక్తిగత దాతకు ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు ఉంది. రూ.2,000 మించిన నగదు విరాళానికి అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు లభించదు. పన్ను ఆశ చూపి విరాళాలు సేకరించే రోజులు తగ్గుముఖం పడుతున్నందున ఫలితాన్ని చూపి నమ్మకం సంపాదించడం మరింత అవసరమవుతున్నది.

కూటమికి పెట్టిన రూపాయి విలువ

కూటమికి నిధి ఇచ్చేవారు తప్పక వేయవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ రూపాయిని నేరుగా రైతుకు ఇచ్చినదానికంటే కూటమికి ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుందా?

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కూటమి ఏడాది నిర్వహణకు రూ.10 లక్షలు ఖర్చయింది. దాని ద్వారా క్షేత్ర సంస్థలకు రూ.40 లక్షల విరాళాలు చేరాయి. పైపైన చూస్తే రూపాయికి నాలుగు రూపాయలు వచ్చినట్లు కనిపిస్తుంది. విచారిస్తే అందులో రూ.22 లక్షలు కూటమి లేకున్నా ఆ దాతలు ఇచ్చేవారేనని తేలింది. మిగిలిన రూ.18 లక్షలలో రూ.6 లక్షలు అదే ప్రాంతపు బడులకు, ఆసుపత్రులకు ఇస్తున్న విరాళాలను తగ్గించి ఇటు మళ్ళించినవి. కొత్తగా పుట్టిన దానం రూ.12 లక్షలు మాత్రమే. ఖర్చు పోను సమాజానికి అదనంగా సమకూరింది రూ.2 లక్షలు. అదే కూటమి మూడవ ఏట అదే ఖర్చుతో రూ.30 లక్షల కొత్త దానాన్ని రాబట్టగలిగితే లెక్క మారుతుంది. కాబట్టి తొలి ఏడాది అంకెలు చూసి పొగడడం, తెగడడం రెండూ తొందరపాటే.

ఈ లెక్క సవ్యంగా వేయాలంటే ఆరంభంలోనే సమాచారం సేకరించాలి. ప్రతి దాత గత మూడేళ్ళలో దేనికి ఎంత ఇచ్చాడు, కూటమిలో చేరాక ఏది పెరిగింది, ఏది తగ్గింది అన్నది నమోదు కావాలి. విస్తరణ విభాగం విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. కొత్త వంగడం స్వీకరణను అధ్యయనం చేసినట్లే దానం చేసే అలవాటు ఒకరి నుంచి ఒకరికి ఎలా వ్యాపిస్తుందో అధ్యయనం చేయవచ్చు.

జాగ్రత్తలు

కూటముల వల్ల మేలుతోపాటు కొన్ని చిక్కులూ ఉన్నాయి. నిధి ఒకే చోట చేరితే నిర్ణయమూ ఒకే చోట చేరుతుంది. నగరంలోని కార్యాలయానికి నచ్చిన పద్ధతే అన్ని ఊళ్ళకూ వర్తించే ప్రమాదం ఉంది. చక్కని నివేదిక రాయగల సంస్థకు నిధి దక్కి, చక్కగా పనిచేసే చిన్న సంఘం వెనుకబడవచ్చు. ఉద్గారాలు వెలువరించే సంస్థే దాత అయినప్పుడు విరాళం దాని సొంత బాధ్యతకు ప్రత్యామ్నాయంగా మారకూడదు. సామాజిక బాధ్యత నిధి వేరు, కర్మాగారంలోనే ఉద్గారాలు తగ్గించుకోవలసిన కర్తవ్యం వేరు. మరొక సంగతి: కాలువ గట్ల నిర్వహణ, విపత్తు పరిహారం ప్రభుత్వ విధులు. దానం వాటి స్థానాన్ని ఆక్రమిస్తే రైతు హక్కు కాస్తా దయగా మారుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

సూర్యాపేట జిల్లాలో ఇందుకు అనువైన సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం స్వచ్ఛంద సంస్థ నిర్వహణలో నడుస్తున్నది. మిర్యాలగూడ దిశగా కంపాసాగర్‌లో విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం ఉంది. వాతావరణాన్ని తట్టుకునే వ్యవసాయంపై భారత వ్యవసాయ పరిశోధన మండలి 2011లో ప్రారంభించిన జాతీయ కార్యక్రమానికి హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ సారథ్యం వహిస్తున్నది. కొత్త సంస్థను నెలకొల్పడం కంటే వీటి మధ్య సంబంధాన్ని పటిష్ఠం చేయడం తేలిక.

చిలుకూరు మండలంలో ఒక మేజరు కాలువ కింద ఒకటి రెండు తూములను ఎంచుకుని మూడేళ్ళ పాటు తడి, ఆరుతడి పద్ధతిని కొలతలతో సహా ప్రదర్శించవచ్చు. తూము మొదట్లోను, చివరలోను ఉన్న రైతులను సమాన సంఖ్యలో చేర్చాలి. నీటి ఆదా, దిగుబడి, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, రైతు ఖర్చు, కూలీల పని దినాలు, కలుపు తీవ్రత అన్నిటినీ నమోదు చేయాలి. ఫలితం అనుకూలమైనా ప్రతికూలమైనా బహిరంగంగా ప్రకటించాలి. వరదకు ఇసుక మేటలు వేసిన పొలాల పునరుద్ధరణ, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్ల సాగు, చెరువు అలుగుల మరమ్మతు వంటి అనుకూలన పనులను కూడా అదే ప్రణాళికలో చేర్చవచ్చు. ఈ సమాచారం చేతిలో ఉన్న శాస్త్రవేత్త మిల్లుల సంఘం వద్దకు, కర్మాగారం సామాజిక బాధ్యత విభాగం వద్దకు, ప్రవాస తెలుగు సంఘం వద్దకు వెళ్ళినప్పుడు అతని మాటకు బరువు ఉంటుంది. రైతుల ప్రతినిధులకు నిధి నిర్ణయాలలో ఓటుహక్కు ఉండాలన్న షరతు తొలి సమావేశంలోనే పెట్టాలి. ఆ తరువాత పెడితే అది అభ్యర్థన అవుతుంది.

విపత్తు నాటి ఉదారత నిజమైనదే, అవసరమైనదే. మునిగిన ఇంటికి బియ్యం ఆ రోజే అందాలి. అయితే 2023 యాసంగిలో ఎండిన మడి, 2024 వానాకాలంలో మునిగిన మడి ఒకే రైతువి. రెండు పంటలకాలం అతను మోసిన నష్టంలో కొంత భాగాన్నయినా ముందే తగ్గించగల జ్ఞానం పరిశోధన స్థానాలలో ఉంది, తగ్గించగల ధనం సమాజంలో ఉంది. ఈ రెండింటినీ కాలువకు నీరు వదిలే ముందే తూము దగ్గరకు చేర్చడం దాతల కూటమికి మొదటి పరీక్ష.